మెల్లా బట్టీలో ఫ్రేహా కుండ

మా అగ్మూర్‌లో చీకటి పడ్డాక మెల్లా సందులో కాలు పెట్టేవాడు లేడు. పోక తప్పకపోతే బావి వీధి మీదుగా చుట్టు తిరిగైనా పోతారు గానీ ఆ సందులోంచి మాత్రం పోరు. గాడిదలూ అంతే... మలుపు దగ్గరికి రాగానే ఆగిపోతాయి. వీపు మీద కర్ర విరిగినా కదలవు.

గాడిదలెందుకు ఆగుతాయో నాకు తెలుసు. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరి బస్తాలోంచి బార్లీ ఒలుకుతుంది. ఆ మాట అంటే నన్ను కొట్టినంత పని చేస్తారు.

మెల్లా అంటే ఒకప్పుడు మా ఊరి యూదులుండే పేట. రెండొందల గడప ఉండేది. నేను తొమ్మిదేళ్ళ పిల్లనప్పుడు అందరూ ఒక్కసారిగా లేచి వెళ్ళిపోయారు. ఇప్పుడు గోడలున్నాయి, కప్పుల్లేవు. గుమ్మాలకి కుడిపక్కన వేలెడంత గుంటలుంటాయి చూడండి, వాటిల్లో దేవుడి మాట రాసిన కాగితం చుట్టి పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వాటిల్లో సాలీళ్ళు కాపురం చేస్తున్నాయి.

సందు చివర వాళ్ళ రొట్టెల బట్టీ ఉంది.

శుక్రవారం పొద్దు గుంకిన దగ్గర్నుంచి శనివారం పొద్దు గుంకేదాకా వాళ్ళకి సబ్బాతు, నిప్పు ముట్టరు, బండెక్కరు. అందుకని శుక్రవారం పొద్దు ఉండగానే ఇంటింటి కుండా తెచ్చి ఆ బట్టీలో పెట్టేవాళ్ళు. గోధుమలు, శనగలు, మాంసం, పైన గుడ్లు. స్ఖీనా అంటారు దాన్ని. బట్టీ నోరు బంకమట్టితో మెత్తేసేవాళ్ళు. ఇక రాత్రంతా లోపల అదే ఉడుకుతుంది. శనివారం మధ్యాహ్నం మట్టి పగలగొడితే ఆ వాసన మా ముసల్మానుల వీధి దాకా వచ్చేది.

ఊళ్ళో చెప్పుకునే కథ ఏంటంటే... లారీలు శుక్రవారం సాయంత్రం వచ్చాయట. గుర్రపు జీనులు కుట్టే మఖ్లూఫ్ పెళ్ళాం ఫ్రేహా అప్పుడే కుండ పెట్టి ఇంటికొచ్చిందట. "నా కుండ, నా కుండ" అని ఏడుస్తుంటే రెక్క పట్టుకుని లాక్కెళ్ళి ఎక్కించారట. కొండ దిగకుండానే గుండె పగిలి చచ్చిపోయిందట. అప్పట్నుంచీ శుక్రవారం రాత్రయితే చాలు... బట్టీ దగ్గర స్ఖీనా వాసన. లోపల్నుంచి టక్ టక్‌మని చప్పుడు. మంట ఉండదు. పొగ ఉండదు. వాసన మాత్రం ఉంటుంది.

అన్నీ "అట"లే. లారీలు వచ్చింది మంగళవారం పొద్దున. మా నాన్నే దగ్గరుండి వాళ్ళ పరుపులు ఎత్తించాడు. యూదుడన్నవాడు శుక్రవారం సాయంత్రం బండెక్కుతాడా అసలు? కానీ మంగళవారం దెయ్యం ఎవరికి కావాలి చెప్పండి!

నా పేరు ఇత్తో. పెళ్ళికూతుళ్ళకి గోరింట పెట్టి, నగలు సర్ది, పీట మీద కూర్చోబెట్టే పని నాది. నోరు కాస్త పెద్దదని అంటారు, అననీ. ఇప్పుడు చెప్పబోయేది మా పక్కింటి రబ్హా కొడుకు యిదీర్ తన నోటితో చెప్పగా విన్నది. కొంత నా కళ్ళతో చూసింది కూడా ఉందనుకోండి. ఇది జరిగి పన్నెండేళ్ళు దాటింది. అప్పటికి యూదులు పోయి నలభై ఆరేళ్ళు.

యిదీర్ అగాదిర్‌లో మూడేళ్ళు రొట్టెల పని నేర్చుకుని ఊరికొచ్చాడు. మంచి పిల్లాడు. చేతులెప్పుడూ పిండి వాసన వేస్తుంటాయి. వాడికి ఊరిపెద్ద హాజ్ బూజ్మా కూతురు తుడా అంటే ప్రాణం. ఆ పిల్లకీ వీడంటే అంతే. ఈ సంగతి ఊళ్ళో హాజ్‌కి తప్ప అందరికీ తెలుసు. చివరికి హాజ్‌కీ తెలిసింది.

"నా కూతుర్ని ఇస్తే ఏం పెట్టి పోషిస్తావురా? అగాదిర్‌లో లారీ ఉన్న మా మేనల్లుడు ఉన్నాడు. వచ్చే సోమవారం వాళ్ళ వాళ్ళు నిశ్చితార్థం గోరింట తీసుకుని వస్తున్నారు" అన్నాడు హాజ్.

"బట్టీ పెడతాను, హాజ్ గారూ."

"ఎక్కడ?"

"మెల్లా బట్టీ ఊరికే పడి ఉందిగా."

హాజ్ నవ్వాడు. టీ కొట్లో అందరికీ వినపడేలా నవ్వాడు. "సరే. ఆదివారం పొద్దు పొడిచే లోపు నలభై ఇళ్ళ నుంచి కాల్చడానికి రొట్టె పిండి ముద్దల పలకలు ఆ బట్టీ గుమ్మంలోకి రావాలి. వస్తే పిల్ల నీది. మాటంటే మాటే. రాకపోతే నువ్వు తిరుగు బస్సెక్కు."

నలుగురి ముందు అన్నాడు. నలుగురూ విన్నారు. ఆ బట్టీకి ఎవరూ రారన్న ధీమాతోనే అన్నాడు.

బట్టీ తాళం ముసలి బా ఫస్కా దగ్గర ఉంటుంది. యూదులున్నప్పుడు బట్టీ కాచింది ఆయనే. వాళ్ళు పోతూ పోతూ తాళం ఆయన చేతిలో పెట్టి పోయారు. యిదీర్ అడిగితే ముసలాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నాకేంరా, తీసుకో. కానీ శుక్రవారం మాత్రం అటు రావద్దు. శుక్రవారం ఆవిడది."

"ఎవరిది, తాతా?"

"నీకు చెప్పాలా? ఊరు ఊరంతా చెప్పలేదూ?"

యిదీర్ సోమవారం బట్టీ కడిగాడు. మంగళ, బుధ, గురువారాలు మూడు రోజులూ కట్టెలేసి మండించి, గుమ్మంలో నిలబడి దారి చూశాడు. ఒక్క పలక వస్తే ఒట్టు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో గ్యాసు మీదే కాల్చుకున్నారు. హాజ్ టీ కొట్లో కూర్చుని, "దెయ్యం పొయ్యిలో కాలిన రొట్టె తింటే కడుపులో ఏం పుడుతుందో ఏమో" అన్నాడట. ఇక చూడండి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఆ వీధి వంక చూడటమే మానేశారు.

శుక్రవారం రాత్రి ప్రార్థన అయ్యాక యిదీర్ టీ కొట్టు ముందు నిలబడి గట్టిగా చెప్పాడు. "ఈ రాత్రి నేను బట్టీలోనే పడుకుంటా. పొద్దున్నే నా కాళ్ళ మీద నేను నడిచొస్తా. అప్పుడైనా నమ్ముతారా?"

హాజ్ ముఖం మాడిపోయింది. బడిపంతులు సీ అల్లాల్ టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "వద్దురా నాయనా, రేపు పడుకో, ఎల్లుండి పడుకో, ఈ రాత్రి మాత్రం వద్దు" అని బతిమాలాడు. బా ఫస్కా అయితే ఏకంగా కళ్ళనీళ్ళే పెట్టుకున్నాడు. పిల్లాడి మీద పెద్దలకి ఎంత ప్రేమో అని చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు.

నేనూ చెప్పాను. "యిదీర్, నా మాట విను. ఇవాళ వద్దు."

"పిన్నీ, ఎల్లుండి పొద్దుటికి తుడా నాది కాకుండా పోతుంది" అన్నాడు.

రబ్హా గుండెలు బాదుకుంటుంటే వాడు దుప్పటి, టార్చి, ఒక ఇనప కమ్మీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

సందులో అడుగు పెట్టగానే వాసన తగిలిందట.

మొదట... ఉల్లిపాయలు మాడిన వాసన. ఆ తర్వాత మాంసం. ఆ తర్వాత గోధుమలు. వెనక్కి తిరిగి చూశాడు. ఏ ఇంటికీ కప్పు లేదు, ఎవరి వంటా కాదు. నాలుగడుగులు వేశాడు. వాసన ఇంకా చిక్కబడింది. వాడికి ఆకలేసిందట కూడా, అది తలుచుకుని మరీ భయపడ్డానన్నాడు.

తాళం తీశాడు. లోపలికి వెళ్ళి టార్చి వేశాడు.

గురువారం రాత్రి తను తెరిచి పెట్టి వెళ్ళిన బట్టీ నోరు... మూసి ఉంది. మట్టితో మెత్తేసి ఉంది. దగ్గరికెళ్ళి వేలు పెట్టాడు. మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. వేలు దిగింది.

మట్టి మీద వేళ్ళ గుర్తులున్నాయి.

గోడ మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది... జ్వరం వచ్చిన మనిషి వీపులా ఉంది. ఎక్కడా మంట లేదు. బూడిద గుంట చూస్తే శుభ్రంగా ఊడ్చి ఉంది. పైన పొగ గొట్టంలోంచి నక్షత్రాలు కనపడుతున్నాయి.

అప్పుడు విన్నాడు.

టక్.

ఊపిరి బిగబట్టాడు.

టక్... టక్.

లోపల్నుంచి. మట్టి వెనకనుంచి. ఎవరో వేలి గోరుతో కుండని తడుతున్నట్టు... బయటికి రానివ్వమన్నట్టు.

వాడికి వచ్చిన ప్రార్థనలన్నీ చదివాడు. రానివి కూడా చదివాడు. దుప్పటి కప్పుకుని గుమ్మం వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలీదు. ఊళ్ళో కుక్కలు మొరిగి మొరిగి ఊరుకున్నాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. టక్... కాసేపు ఏమీ లేదు... మళ్ళీ టక్ టక్.

ఇలా పొద్దుటిదాకా కూర్చుని, లేచి వెళ్ళి "ఏమీ లేదు" అని అబద్ధం చెప్పొచ్చు. ఆ ఆలోచనా వచ్చిందట. కానీ రేపు తుడాని ఈ సందులోంచి నడిపించుకు రావాలి, ఈ గోడల మధ్య కాపురం పెట్టాలి. తనకే నమ్మకం లేని చోటికి దాన్నెలా తెస్తాడు? "పిన్నీ, అప్పుడు భయం కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది" అన్నాడు నాతో.

లేచాడు. కమ్మీ తీశాడు. ఏముందో చూసేద్దామని, మట్టి పగలగొట్టడానికి రెండు చేతులా పైకెత్తాడు...

"వద్దు."

వెనకనుంచి. గుసగుసగా.

కమ్మీ జారి పడింది. టార్చి దొర్లి ఆరిపోయింది.

గుమ్మంలో ఎవరో ఉన్నారు. పొట్టి మనిషి, వంగిన మనిషి. తలకి కుచ్చుల గుడ్డ. చేతిలో దీపం లేదు. ఆ చీకట్లో, ఆ రాళ్ళ సందులో, ఆ వేళ దీపం లేకుండా ఏ మనిషి వస్తుంది?

"అప్పుడే తీయకు... మధ్యాహ్నం దాకా ముట్టుకోకూడదు."

మెల్లా యాస. మా అమ్మమ్మలు ఎగతాళిగా అనుకరించే యాస... ఆ యాసలో మాట్లాడేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.

"ఎ... ఎవరు?" అన్నాడు యిదీర్.

ఆ మనిషి ముక్కుతో గట్టిగా గాలి పీల్చింది. చాలాసేపు పీల్చింది.

"ఎవరి కుండ అది?"

యిదీర్ వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు.

"నాదేనా?" అంది. మళ్ళీ పీల్చింది. తనలో తనే నవ్వుకుంది. "నాదే... నా కుండే."

కర్ర టక్కుమంది. గుమ్మం ఖాళీ.

యిదీర్ పరుగు లంకించుకున్నాడు. సందులోకి రెండడుగులు వేశాడో లేదో... ముందు చీకట్లో అదే కర్ర చప్పుడు. ఒక చెప్పు అక్కడే వదిలేసి వచ్చిన దారినే లోపలికి ఉరికాడు. మూలనున్న ఎండు కంపల కుప్పలో దూరాడు. అంతే, ఆ పైన వాడికి స్పృహ లేదు.

శనివారం మధ్యాహ్నం తలుపు కిర్రుమంటే మెలకువ వచ్చింది.

కంపల సందులోంచి చూస్తే... మూడు గిన్నెలు పట్టుకుని బా ఫస్కా. ఆయన వెనక బడిపంతులు సీ అల్లాల్. ఆయన వెనక, చంకలో ఇత్తడి గిన్నె పెట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ, హాజ్ బూజ్మా!

"చెప్పు బయట పడి ఉంది. పారిపోయినట్టున్నాడు వెధవ" అన్నాడు పంతులు.

"దేవుడి దయ. లోపల కుండ ఉండగా వాడొచ్చి కూర్చునేసరికి రాత్రంతా నాకు కంటి మీద కునుకు లేదు" అన్నాడు హాజ్. "తొందరగా పగలగొట్టు ఫస్కా. పోయినవారం నాకు ఒక్క గుడ్డే వచ్చింది. ఇవాళ రెండు."

బా ఫస్కా మట్టి పగలగొట్టి కుండ బయటికి లాగాడు. మూత తీస్తే లోపల గుడ్లు చెక్కరంగు తిరిగి ఉన్నాయి. ఉడుకుతూ రాత్రంతా కుండ అంచుకి కొట్టుకున్నవి అవే. టక్... టక్.

యిదీర్ కంపల కుప్పలోంచి లేచాడు. ఒళ్ళంతా బూడిద. జుట్టు నిండా పుల్లలు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

హాజ్ బూజ్మా చేతిలో గుడ్డు జారిపోయింది. "లా ఇలాహ..." అని మొదలుపెట్టి మిగతాది మర్చిపోయాడు. రెండుసార్లు మక్కా వెళ్ళొచ్చిన మనిషి!

"మీరా!" అన్నాడు యిదీర్.

ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. మరి నాలుగో గిన్నె ఎవరిదని అడగరేం? నాదే. గుమ్మం పక్కన నిలబడి ఉన్నా నేను. కుండలో ఉప్పూ కారం వేసేదీ నేనే.

చెప్పక ఏం చేస్తాను? చెప్పేశాను. మా చిన్నప్పుడు శనివారం శనివారం ఫ్రేహా మా వీధి పిల్లలందరికీ తలో గిన్నె పంపేది. వాళ్ళు వెళ్ళిపోయాక రెండు వారాలు ఊరంతా ఏడ్చింది. మనుషుల కోసం అనుకునేరు! గుడ్ల కోసం. ఇంట్లో ఎన్ని విధాల వండినా ఆ రుచి రాలేదు. ఆ బట్టీ కావాలి, ఆ మట్టి కావాలి, రాత్రంతా కావాలి. చివరికి బా ఫస్కా తాళం తీశాడు. యిదీర్‌కి ఇచ్చింది కాక ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన అయ్యి, ఇంటింటా కుస్కుస్ తిని ఊరంతా గురకలు పెడుతుంటే మేం నిప్పు వేసి, బూడిద ఊడ్చి, కుండ పెట్టి, నోరు మెత్తేస్తాం. ఊరంతా దెయ్యం రాత్రి వస్తుందని కాపు కాస్తుంది. మా పని పట్టపగలే అయిపోతుంది.

"ఇందులో దాచాల్సింది ఏముంది? పాపమా ఇది?" అన్నాడు యిదీర్.

"ఊరిపెద్దని నేను. యూదుల కుండ కోసం సందుల్లో తిరుగుతున్నానంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు హాజ్.

"నలుగురంటే ఎవరు? మీరు నలుగురూ ఇక్కడే ఉన్నారుగా!"

నాకు నవ్వాగలేదు. యిదీర్ మాత్రం నవ్వలేదు. కిందపడ్డ గుడ్డు తీసి హాజ్ గిన్నెలో వేసి, నెమ్మదిగా అడిగాడు. "సరే. కుండ మీది, మట్టి మీది, చప్పుడు గుడ్లది. రాత్రి వచ్చిన ఆడమనిషి ఎవరు?"

"ఏ ఆడమనిషి?"

"కర్ర పట్టుకుని వచ్చింది. మెల్లా యాసలో మాట్లాడింది. మధ్యాహ్నం దాకా ముట్టుకోవద్దంది. నా కుండే అంది. పిన్నీ... నువ్వేనా?"

నేను కాదు. నిజంగా కాదు. నేను రాత్రంతా వాళ్ళమ్మ పక్కనే ఉన్నాను.

పంతులు నోట్లో పెట్టుకున్న ముద్ద మింగలేదు. హాజ్ గిన్నె కింద పెట్టేశాడు. నలభై ఏళ్ళ పైగా మేమే పెంచి పోషించిన దెయ్యం... అది లేదని ఈ లోకంలో తెలిసింది మాకు మాత్రమే. మరి...

సందులో కర్ర చప్పుడు.

టక్. టక్. టక్.

గుమ్మంలో ఎండకి అడ్డంగా ఒక ముసలావిడ నిలబడింది. తలకి కుచ్చుల గుడ్డ. వెనక పొడుగాటి కుర్రాడొకడు.

"మధ్యాహ్నం అయింది" అంది. "నాకో గిన్నె పెట్టండి."

బా ఫస్కా ఆ ముఖంలోకి చూసి చూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు. "ఫ్రేహా..."

"ఇంకా ఉన్నావా ఫస్కా? మట్టి మెత్తడం ఇప్పటికీ రాలేదు నీకు. ఎడమ పక్క సందు వదిలేశావు."

చనిపోయిందెక్కడ! యూదుల దేశంలో, బీర్షెబాలో మనవలూ మునిమనవలతో ఉంది. మనవడితో ఊరు చూసిపోదామని వచ్చింది. శుక్రవారం మేమంతా బట్టీలో పనిలో ఉన్నప్పుడే బస్సుల రోడ్డు మీద సత్రంలో దిగింది. రాత్రి కిటికీలోంచి వాసన వచ్చి నిద్ర పట్టలేదట. సబ్బాతు కాబట్టి దీపం పట్టుకోలేదు. లేచి, వాసన పట్టుకుని నడిచొచ్చింది.

మా అమ్మకి పాలు పడకపోతే నాకు ఏడాది పాటు పాలిచ్చింది ఫ్రేహా. నేను ఆవిడ పాలు తాగి బతికాను. ఇన్నేళ్ళూ ఉత్తరం ముక్క లేకపోతే పోయిందనే అనుకున్నాను. పోయిందనుకున్నాను కాబట్టే ఆ కథలో ఆవిడని చంపితే ఊరుకున్నాను. ఆ గుమ్మంలో ఆవిడ కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. సిగ్గుపడకుండా చెప్తున్నా, ముక్కు కారేదాకా ఏడ్చాను.

"లేవే ఇత్తో, నీ బట్టలన్నీ మసి అవుతున్నాయి" అని అనలేదు ఆవిడ. ఏమందో తెలుసా? చెంచాతో ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుని, "ఖర్జూరం వెయ్యలేదేం?" అంది.

తర్వాత దెయ్యం సంగతి చెప్పాం. ఆవిడ చెంచా కింద పెట్టింది.

"రెండొందల ఇళ్ళ వాళ్ళం పోయాం. అందరిలోకీ నేనే దొరికానా చావడానికి?"

"నీ చేతి వంటే గుర్తుంది మరి" అన్నాడు పంతులు.

దానికి మాత్రం లోపల్లోపల పొంగిపోయింది. నాకు తెలుసు.

యిదీర్ హాజ్ వైపు తిరిగాడు. "ఇప్పుడు బజార్లోకి వచ్చి చెప్పండి. దెయ్యం లేదు, ఈవిడ బతికే ఉంది అని."

"నేను చెప్పను. నలభై పలకలన్నాను. నలభై పలకలే. ఆవిడ బతికే ఉందిగా, నువ్వే చూపించుకో."

పొద్దు గుంకి సబ్బాతు అయ్యాక వాడు అదే చేశాడు. ఫ్రేహా చెయ్యి పట్టుకుని బజారు మధ్యలోంచి నడిపించాడు. "చూడండి! ఫ్రేహా! బతికే ఉంది!" అని అరుస్తూ.

బజారు ఏమైందనుకున్నారు? నిమిషంలో ఖాళీ. దబదబా తలుపులు పడ్డాయి. కసాయి బెల్లా దోసెడు ఉప్పు తీసి ఆవిడ ముఖాన కొట్టాడు. ఉప్పు పడితే దెయ్యం మాయమవ్వాలి మరి. ఆవిడ పెదాల మీది ఉప్పు నాకి, "కొండ ఉప్పు. ఎన్నాళ్ళయిందో తిని" అంది. ఆ మాటకి బెల్లా కొట్టు వెనక కిటికీలోంచి దూకేశాడు.

ఎనిమిదింటికి వాళ్ళ కారు వచ్చింది. వెళ్ళేముందు ఫ్రేహా తన తల గుడ్డ తీసి నా భుజం మీద వేసింది. కర్ర కూడా నాకే ఇచ్చింది, కారులో దానితో పనిలేదంది. యిదీర్ తల నిమిరి, "పిల్లని ఇవ్వకపోతే చెప్పు, మళ్ళీ వస్తా" అంది. హాజ్ దూరంగా నిలబడి, కారు వెనక ఎర్ర దీపాలు కొండ మలుపు దాటి కనుమరుగయ్యేదాకా చూసి, హాయిగా ఇంటికి పోయాడు.

యిదీర్ బట్టీ మెట్టు మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. "అయిపోయింది పిన్నీ" అన్నాడు. ఇంటికి పోయి పడుకోమన్నాను.

ఇక ఆ రాత్రి సంగతి. ఊళ్ళో ఎవరినైనా అడగండి, ఒక్కటే చెప్తారు.

రాత్రి రెండో జాము దాటాక... గడప మీద కర్ర చప్పుడు. మూడుసార్లు. తలుపు సందులోంచి చూస్తే కుచ్చుల తల గుడ్డ. దీపం లేదు.

"పిండి..." అని మెల్లా యాసలో గుసగుస. "పొద్దున... నా బట్టీకి... పిండి."

మళ్ళీ పక్క గడప. టక్ టక్ టక్. "పిండి..."

ఊళ్ళో ఒక్కరు నిద్రపోతే ఒట్టు. అర్ధరాత్రి లేచి పిండి కలిపిన చప్పుళ్ళు నాకు వినపడ్డాయి. ఆదివారం తెల్లవారకముందే బట్టీ సందులో పలకలు బారు తీరాయి. మెట్ల మీద, అరుగుల మీద, గోడల మీద, ఎక్కడ చూసినా పలకలే. ఆడవాళ్ళు పలక పెట్టడం, చేతులు జోడించడం, వెనక్కి చూడకుండా పరుగెత్తడం. కసాయి బెల్లా రెండు పలకలు తెచ్చాడు. యాభై మూడు ఇళ్ళ పిండి వచ్చింది. యిదీర్ గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

యాభై మూడోది ఎవరు తెచ్చారో చెప్పనా? హాజ్ బూజ్మా. తన తల మీద తనే మోసుకుని, ఒగురుస్తూ పరుగెత్తుకొచ్చాడు. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ వణికింది ఆయనే. వణకడా మరి? మిగతావాళ్ళు ఫ్రేహా చచ్చిందనుకున్నారు. ఆయన మాత్రం ఆవిడ బతికి ఉండగా, కారెక్కి కొండ దాటిపోవడం కళ్ళారా చూశాడు. పోయిన మనిషి నాలుగైదు గంటల్లోనే తన గడప మీదికి ఎలా వచ్చిందో ఇప్పటికీ ఆయనకి అంతుపట్టదు.

"పిల్ల నీదేరా. ఆవిడకి చెప్పు... ఇంక రావద్దని చెప్పు" అన్నాడు యిదీర్‌తో, పలక దించకుండానే.

నెల తిరక్కుండా పెళ్ళయింది. తుడాకి గోరింట పెట్టింది నేనే. అగ్మూర్ కొండ వాలు మీద కట్టిన ఊరు. ఒక్కో గడపకీ పదేసి మెట్లు. యాభై ఐదేళ్ళ దానికి యాభై మూడు గడపలంటే మాటలా? పెళ్ళి నాటికి కూడా నాకు పీట మీంచి లేవాలంటే చెయ్యి ఆసరా కావాల్సి వచ్చింది.

హాజ్ చూశాడు. దగ్గరికొచ్చి జాలిగా అడిగాడు.

"ఏమైంది ఇత్తో, నీ మోకాళ్ళకి?"

"వయసు, హాజ్ గారూ" అన్నాను.